షోకేసులో తోడికోడలు

మా గుడివాడలో నన్ను తెల్లపిల్ల అనేవాళ్లు. పెళ్లిచూపుల్లో నా చేత పాట పాడించలేదు, వంట వచ్చా అని అడగలేదు. చూశారు, సరేనన్నారు. చల్లపల్లి దగ్గర అత్తారింటికి వచ్చాక కూడా చుట్టుపక్కల ఆడవాళ్లు నన్ను చూడటానికని ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవారు. అందం అంటే ఏమిటని అప్పట్లో ఎవరైనా అడిగితే అద్దం వైపు చూపించేదాన్ని.

తొంభైల మధ్యలో మా మరిదికి కోడూరు సంబంధం కుదిరింది. ఆ అమ్మాయి నలుపు. ముక్కు కొంచెం లావు, బుగ్గల మీద చిన్నప్పటి ఆటలమ్మ మచ్చలు. పెళ్లిపందిట్లో ఆమెను చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

నెల తిరక్కుండానే ఆ హాయి పోయింది. అత్తయ్య కబుర్లన్నీ ఆమెతోనే. పాలు పోయడానికి వచ్చే ఆవిడ గుమ్మంలో నిలబడి, "చిన్నకోడలు గారు లేరా అండీ?" అని వెతుక్కునేది. ఒకరోజు మా ఆయన అన్నం తింటూ, "ఆ అమ్మాయి నవ్వితే ఇల్లంతా బాగుంటుంది" అన్నాడు. నేను నవ్వితే ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వేసవిలో ఇద్దరం ఫొటోలు తీయించుకోవడానికి బందరు వెళ్లాం. ముందు నా వంతు. పౌడరు సరిచేసుకుని, గడ్డం ఫొటోగ్రాఫర్ చెప్పినంత ఎత్తి, రెప్ప వేయకుండా కూర్చున్నాను. ఆమె కూర్చున్నాక నేను లైటు పక్కన నిలబడి, "కొంగు సర్దుకో, జారిపోతోంది" అన్నాను. ఆమె నా వైపు తిరిగి నవ్వింది. అతను అప్పుడే నొక్కేశాడు.

రెండు నెలల తర్వాత ఏదో పని మీద ఆ వీధిలో వెళ్తుంటే స్టూడియో షోకేసులో ఆమె కనిపించింది. పెద్ద సైజు, ఫ్రేము కట్టి. నా ఫొటో ఎక్కడా లేదు. లోపలికి వెళ్లాను.

"నాది కూడా తీశారు కదండీ. ఆవిడదే ఎందుకు పెట్టారు?"

"మీది చాలా బాగుందమ్మా, వంక పెట్టడానికి లేదు," అన్నాడు అతను ఇబ్బందిగా. "ఆవిడ ఫొటో చూసి దారిన పోయేవాళ్లు ఆగుతున్నారు. ఎందుకంటే నేనూ చెప్పలేను."

"మా ఇంట్లో పెద్దవాళ్లకి ఇష్టం లేదు. తీసేయండి," అన్నాను.

శుద్ధ అబద్ధం. అతను పాపం క్షమించమని, ఫ్రేముతో సహా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

దాన్ని పెట్టెలో పట్టుచీరల అడుగున దాచాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, చేయి అడ్డం పెట్టి ముక్కు విడిగా, మచ్చలు విడిగా, పెదవులు విడిగా చూసేదాన్ని. ఒక్కటీ బాగుండేది కాదు. చేయి తీస్తే ముఖం బాగుండేది. ఎవరికి నచ్చింది వాళ్లకి అందమని సరిపెట్టుకుందామన్నా కుదరలేదు. నచ్చకూడదని ఎంత పట్టుబట్టినా నా కంటికీ నచ్చుతోంది మరి. పైగా ఆమె ఆ నవ్వు నవ్వింది నన్ను చూసే.

చలికాలంలో ఒక రోజు ఇద్దరం డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాం. ఆమె ఉన్నట్టుండి, "అక్కా, బందరు స్టూడియోలో నా ఫొటో పెట్టారు తెలుసా?" అంది. "మా తమ్ముడు చూసి చెప్పాడు. నేనూ ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు వెళ్లి చూసొచ్చా. మూడోసారి వెళ్లేసరికి తీసేశారు. బాగోలేదని ఎవరో అనుంటార్లే."

నేను కిందకి వెళ్లి ఫొటో తెచ్చి ఆమె ముందు పెట్టాను. చేసింది చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపం వచ్చింది.

"పుట్టినప్పట్నుంచీ కర్రిపిల్లా అనిపించుకున్నదాన్ని. ఆ అద్దాల వెనకాల నాలుగు రోజులు బాగున్నాను. అది కూడా నీకే కావాలా అక్కా?"

పదిహేను రోజులు మా మధ్య "ఉప్పు ఇటివ్వు" లాంటివి తప్ప మాటల్లేవు. ఆఖరికి నేనే ఆమెను బందరు తీసుకెళ్లాను. ఆమె ఎదుటే ఫొటోగ్రాఫర్‌తో ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుని, ఫ్రేము తిరిగి ఇచ్చాను. అతను దాన్ని తుడిచి షోకేసులో పెట్టాడు.

ఆమె రోడ్డు మీద నిలబడి చాలాసేపు చూసుకుంది. దారిన పోయే పెద్దాయన ఒకరు ఆగి ఫొటో చూశారు, ఆమెను చూసి గుర్తుపట్టి నవ్వారు. నా వైపు చూడనే లేదు. తప్పని తెలిసీ నాకు మళ్లీ కడుపు మండింది.

తిరుగు బస్సులో ఆమె నా పక్కన కూర్చుని, కోడూరు కబుర్లేవో మొదలుపెట్టింది. నేను విన్నాను.