నేలను రాసుకుంటూ నడిచిన కారు

మొన్న వంటింట్లో నిమ్మకాయ పిండుతుంటే ఎర్రకారు వాసన వచ్చింది. ఎరుపుకు వాసనేంటే అని అమ్మ అడగనే అడిగింది. బ్రాంప్టన్‌లో మా గరాజ్‌లో చలికాలమంతా దుప్పటి కప్పుకుని పడుకుని, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోయాక గానీ బయటికి రాని ఆ పాత పొడవాటి కారుకు నాన్న నిమ్మవాసన పాలిష్ పూసి, చిరిగిన బనీను గుడ్డతో, నాకు తల దువ్వేటప్పుడు ఎన్నడూ చూపించని ఓపికతో, తన మొహం అందులో కనిపించేదాకా తుడిచేవాడు.

కెనడాకు రాకముందు నాన్న కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. అక్కడ పక్కింట్లో రూబెన్ అంకుల్ అని ఒక మెక్సికన్ అమెరికన్ పెద్దాయన ఉండేవాడట. ఆయనలాంటివాళ్ళు పాత కార్లను బాగుచేసి, స్విచ్ నొక్కితే పైకి లేచేలా, నేలకు ఆనేంత కిందికి దిగేలా మార్చి, ఆదివారాలు పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, పాతకాలపు ప్రేమపాటలు పెట్టుకుని, నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా ఊరేగుతారు. ఆ కార్లను లోరైడర్లంటారు. అమెరికాలో నాన్నకు గ్రీన్‌కార్డ్ రాలేదు. ఈ పిచ్చి మాత్రం వచ్చింది.

వేసవి ఆదివారాల్లో, పక్కింటివాళ్ళు కోసిన గడ్డి వాసన, ఎండకు కాగిన సీట్ల వాసన కలిసి వస్తుండగా, నేను డ్రైవ్‌వే మీద చాక్‌తో గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్ళను ఆ కారు పొట్టతో చెరిపేసుకుంటూ బయల్దేరేది. లోపల ఎవరో గాయకుడు సన్నటి గొంతు సాగదీసి, వెళ్ళిపోయిన అమ్మాయిని బతిమాలుతుండేవాడు; వెనక మరికొందరు ‘ఊ’ అంటూ ఆయనకు వత్తాసు పలికేవారు. పాట అయిపోయినా మేము వీధి చివరికి చేరేవాళ్ళం కాదు. వెనక ట్రక్కులు హారన్లు కొట్టేవి. నాకప్పుడు పదకొండేళ్ళు, అంటే సిగ్గు తప్ప ఇంకేదీ పూర్తిగా ఎదగని వయసు. సీట్లోంచి మెల్లగా కిందికి జారిపోయేదాన్ని.

“పడుకున్నావేంటి చిన్నీ? నలుగురూ నిన్ను చూడాలనేగా ఇంత స్లోగా పోయేది!” అనేవాడు నాన్న.

అవి ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాలకొద్దీ దిగుతున్న రోజులు. అద్దెకిచ్చిన మా బేస్‌మెంట్లోనూ వరసగా పరుపులు, తడి జాకెట్లు, ఏ వేళప్పుడైనా పోపు వాసన. వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చిన శ్రీకాంత్ అన్న ఒక్కడికే ఆ కారంటే ప్రాణం.

“గిదేం బండి అంకుల్! మా దిక్కు పెండ్లి ఊరేగింపు గూడ ఇంతకంటె ఉరుకుతది,” అంటూనే ముందు డోర్ తీసుకుని కూర్చునేవాడు.

ఆ ఏడు దసరాకు గుడి పార్కింగ్‌లో వాహనపూజ. మేపుల్ ఆకులు రాలుతున్నాయి, చక్కెర పొంగలి పళ్ళెంలోకి వచ్చేలోపే చల్లారిపోతోంది. మిగతావాళ్ళ కార్లు మామూలుగా నిలబడితే, నాన్న స్విచ్ నొక్కి మా కారును పూర్తిగా నేలకు దించాడు. అమ్మవారికి సాష్టాంగం చేయించాడన్నమాట. పూజారిగారు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఇక పోనివ్వండి అన్నారు. నాన్న స్విచ్ నొక్కాడు. కారును పైకి లేపే బ్యాటరీలు డిక్కీలో చలికి పడుకున్నాయి. సాష్టాంగపడ్డ కారు లేవలేదు. వెనక కార్ల వరస రోడ్డు దాకా పెరిగింది. కారులో పాట మాత్రం ఆగలేదు. ఆ గాయకుడు అందరి తరఫునా బతిమాలుతూనే ఉన్నాడు.

“ఏవండీ, ముందు ఆ ఏడుపు ఆపండి,” అంది అమ్మ. నాన్నకు వినపడినట్టు లేదు.

శ్రీకాంత్ అన్న వెనక వ్యాన్‌లోంచి కేబుళ్ళు తెచ్చి తగిలిస్తే, కారు నడుంనొప్పి మనిషిలా మొదట వెనకభాగం ఎత్తి, ఆగి, మూలిగి, తర్వాత తల ఎత్తింది. జనం చప్పట్లు కొట్టారు. నేను మా స్కూలు పిల్లల మధ్య, పులిహోర పళ్ళెం మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

నాన్న నన్ను చూశాడు. పిలవబోయి నోరు తెరిచాడు. నా పళ్ళాన్నీ, నా పక్కనున్న పిల్లలనూ చూసి, నోరు మూసుకున్నాడు.

“శ్రీకాంత్, నువ్వు కూర్చో నాన్నా,” అన్నాడు.

పాట కట్టేశాడు. నిమ్మకాయలు టప్పున పగిలాయి. అందరూ చూడాలని నన్ను తిప్పిన మనిషి, నేను ఎవరి పిల్లనో తనకు తెలియనట్టు, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ, మామూలు కార్లంత వేగంగా నన్ను దాటిపోయాడు.

“హూ వజ్ దట్ గై?” అంది పక్కనున్న పిల్ల. పులిహోరలో ఆ రోజు పల్లీలు చాలా ఉన్నాయి. నేను ఏరుకుంటూనే ఉన్నాను.

తర్వాతి వేసవిలో ఎవరో వచ్చి కారును కొనుక్కుని ట్రైలర్ మీద ఎక్కించుకుపోయారు. ఇన్నేళ్ళకు బేస్‌మెంట్ ఖాళీ. శ్రీకాంత్ అన్న హాలిఫాక్స్‌లో ఉన్నాడు, ఫోన్ చేస్తే ముందు బండి సంగతే ఎత్తుతాడు. గరాజ్‌లో ఇప్పుడు ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద నాన్న ఆ కారుకంటే వేగంగా నడుస్తాడు.

నిన్న ఆదివారం, కొత్తగా వచ్చిన లైసెన్స్‌తో, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని మా బూడిదరంగు బండి తీశాను. మా వీధిలోకి తిరిగాక అద్దాలు దించి, ఆ పాటల్లో ఒకటి పెట్టి, బాగా నెమ్మది చేశాను. వెనక ఎవరో హారన్ కొట్టారు. నాన్న సీట్లోంచి మెల్లగా కిందికి జారాడు.

“కాస్త స్పీడ్‌గా పోనీ చిన్నీ,” అన్నాడు. “నలుగురూ చూస్తున్నారు.”