రాత్రి షిఫ్టు వారం

"మెల్లగ మాట్లాడు ఆయమ్మా, నాయిన పండుకున్నడు."

"మెల్లగేంది? రేపు పరీక్ష పెట్టుకొని హాల్ టికెట్ తీస్కపోనోళ్లతోని మెల్లగ మాట్లాడాల్నా?"

"నాకద్దు. ఇంకెవలకన్న ఇయ్యి."

"ఇదేమన్న బస్సు టికెట్టా, ఇంకొకలకిచ్చెతందుకు? నీ పేరున్నది దీని మీద."

"పేరున్నా నేను రాను. నాయినకు ఈ వారం రాత్రి షిఫ్టు. అమ్మ కూలికి పోయింది. వీళ్లిద్దరిని నువ్వు ఆడిస్తవా?"

గోదావరిఖనిలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న క్వార్టర్ ముందు నిలబడి ఇద్దరం గుసగుసలతోనే పోట్లాడుకున్నాం. నా చేతిలో హాల్ టికెట్, పన్నెండేళ్ల సుగుణ నడుం మీద ఏడాదిన్నర తమ్ముడు. నాలుగేళ్ల పెద్ద తమ్ముడు నోటికి వేలు అడ్డం పెట్టుకుని, నన్ను గట్టిగా మాట్లాడవద్దన్నట్టు చూస్తున్నాడు. లోపల వాళ్ల నాన్న దావీదు గురక వినిపిస్తోంది. అది డెబ్బై నాలుగో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు.

ఆ ఏడాది నేను బడిలో ఆయాగా పనిచేశాను. దాన్ని లీవ్ వేకెన్సీ అంటారు. పర్మనెంట్ మనిషి సెలవులో ఉంటే ఆమె చోట ఏడాదికని పెట్టుకునే పని. నేను చదివింది మూడో తరగతి. గంట కొట్టాలి, నీళ్లు నింపాలి, మధ్యాహ్నం పిల్లలకు ఉప్మా పంచాలి, బడికి రాని పిల్లల ఇళ్లకు పోయి పిలుచుకు రావాలి. హెడ్మాస్టరు మంచిగా రాస్తే పర్మనెంట్ అవుతుందని ఆశ ఉండేది. అందుకని ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ పట్టుకుని నడిచాను.

నేను గట్టి మనిషిని. ఉప్మా గిన్నె అడుగు గీకి పెట్టేదాన్ని గాని ఒక్క గరిటె వృథా కానిచ్చేదాన్ని కాదు. పొద్దున హాజరు లేనివాళ్లకు మధ్యాహ్నం ఉప్మా లేదని నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను. చలికాలంలో ఒకరోజు సుగుణ ఇద్దరు తమ్ముళ్లతో వచ్చి వరుసలో నిలబడింది. "పొద్దుగాల సదువుకు రానిదానివి, ఇప్పుడు తిండికి ముగ్గురొచ్చిన్రా?" అన్నాను అందరి ముందూ. ఆ పిల్ల గిన్నెను పావడా చాటుకు దాచుకుని, తమ్ముళ్లను తీసుకుని వెళ్లిపోయింది. పని దొంగ అనుకున్నాను.

అటెండెన్స్ రిజిస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, రాని రోజుకు టీచరు 'ఏ' అని రాసేవారు. ఆ అక్షరం నాకూ తెలుసు. సుగుణ పేరుకెదురుగా ఒక వారమంతా వరుసగా అదే ఉండేది. తర్వాత రెండు వారాలు ఒక్కటీ ఉండేది కాదు. మళ్లీ ఒక వారమంతా అదే. చూశాను గాని ఎందుకో ఆలోచించలేదు. మా ఆయనది వర్క్‌షాపులో జనరల్ షిఫ్టు, ఎప్పుడూ పగటి పనే. మా ఇంట్లో పగలు నిద్రపోయే మనిషి లేడు.

ఆ రోజు గుమ్మం ముందు సుగుణే చెప్పింది.

"మూడు వారాలకోసారి నాయినకు రాత్రి షిఫ్టు పడ్తది. గా వారం వీళ్లను తీస్కొని మూడు గంటల దాంక బయటనే ఉంట. లోపల లొల్లి అయితే ఆయనకు నిద్ర వట్టది. నిద్ర లేకుంట దిగితే కింద తూలుతడు. మొన్న గట్లనే టబ్బుకు కాలు ఒత్తుకున్నది."

దావీదు ఫిల్లర్. గనిలో పగలగొట్టిన బొగ్గును పారతో టబ్బుల్లోకి, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లలోకి, ఎత్తిపోసే మనిషి.

"ఫెయిలయితే ఏంజేస్తవు?" అన్నాను.

"అమ్మతోని కూలికి పోత. పాసయితేనే ఎనిమిదికి పంపుత అన్నది."

"తట్ట మొయ్యాలని ఉన్నదానే నీకు?"

సుగుణ తమ్ముడిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకుంది.

"పద్యాలన్ని నోటికొచ్చినయి. లెక్కలు గూడ చేసిన, గోడ కాడ కూసొని."

"అన్ని వచ్చినంక ఎందుకు రావే, మూర్ఖపు పిల్లా!"

గుసగుస మరిచిపోయి అరిచాను. లోపల గురక ఆగింది. దావీదు తలుపు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. సంగతంతా విన్నాడు.

"పరీక్ష ఎన్ని గంటలుంటది ఆయమ్మా?"

"పది సంది పన్నెండున్నర దాంక."

"అయితె నువ్వు బడి కాడనే ఉంటవు గద. గా రెండున్నర గంటలు పోరగాండ్లను జర నీ పక్కపొంటి కూసోవెట్టుకోరాదు? సద్ది కట్టి పంపుత."

"నా డ్యూటీ రిజిస్టర్ల పేరున్న పిల్లలను చూసుడే అన్నా. బయటి పిల్లలను గేటు లోపలికి రానియ్యద్దని హెడ్మాస్టరు సారు ఖరాఖండిగ చెప్పిండు."

ఆయన బతిమాలలేదు. "మంచిది. నేనే పట్టుకొస్త, గేటు బయట కూసుంట. రాత్రంత టబ్బులతోని కొట్లాడెటోనికి ఇద్దరు పోరగాండ్లు ఒక లెక్కనా?" అని నవ్వాడు. "పో బిడ్డా, టికెట్ తీస్కో."

సుగుణ రెండు చేతులతో తీసుకుంది. గెలిచానని సంతోషపడుతూ ఇంటికి వెళ్లాను.

ఆ తర్వాత నేను ఇంకా కొన్ని బళ్లలో పనిచేశాను. కొత్తగా చేరిన ఆయాలకు ఒకే మాట చెప్పాను. పిల్ల బడికి ఎందుకు రాలేదని అడిగితే సరిపోదు. ఆ పిల్ల ఇంట్లో దించి వచ్చే బరువును ఎవరు ఎత్తుకుంటారో అది కూడా చూడాలి. ఎవరూ ఎత్తుకోకపోతే మీరే ఎత్తుకోవాలి. ఇది నాకు ఎవరో చెబితే వచ్చిన తెలివి కాదు. హాల్ టికెట్ ఇచ్చిన మరునాడు పొద్దున జరిగింది ఇది.

తొమ్మిదిన్నరకు సుగుణ తలకు నూనె రాసి రెండు జడలు వేసుకుని వచ్చింది. వెనక దావీదు, షిఫ్టు దిగి, పడుకోకుండానే పిల్లలతో వచ్చాడు. మొహం కడిగినా చెవుల వెనక నలుపు పోలేదు. చిన్నవాడిని భుజం మీద వేసుకుని, పెద్దవాడిని వేలు పట్టించుకుని గేటు బయట గోడ నీడలో కూర్చున్నాడు. పదికి గంట కొట్టి గేటుకు తాళం వేశాను.

పదకొండు కాకముందే చిన్నవాడి ఏడుపు వినిపించింది. పరీక్ష గది కిటికీలోంచి చూస్తే దావీదు గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు. పెద్దవాడు తండ్రి చొక్కా పట్టి గుంజుతున్నాడు. చిన్నవాడు గేటు కమ్మీలు పట్టుకుని "అక్కా, అక్కా" అంటున్నాడు. సుగుణ తలెత్తింది. మళ్లీ దించుకుని రాసింది. మళ్లీ తలెత్తింది. నేను నీళ్ల బిందెతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తాళం చెవి నా నడుముకే ఉంది. తండ్రి లేస్తాడులే అనుకున్నాను.

సుగుణ లేచి, సగం రాసిన పేపరును పరీక్ష చూస్తున్న సారు బల్ల మీద పెట్టింది. "బయటికి పోతే మళ్లీ లోపలికి రానియ్యం" అన్నాడు సారు. "ఎర్కే సార్" అంది.

నేను గేటు తీశాను. ఆమె చిన్నవాడిని ఎత్తుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని, తండ్రిని లేపకుండా క్వార్టర్ల వైపు నడిచింది. నేను గేటుకు తాళం వేసి, మిగతా పిల్లలకు నీళ్లివ్వడానికి లోపలికి వెళ్లాను.