ఉప్పునీళ్ళకు లేచిన గీత

ఆ రోజుల్లో, అంటే గుంటూరు దగ్గర ఒక ల్యాబ్‌లో నేను కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో, సైన్సుకు ఊరూ వాడా ఉండవని నమ్మేవాణ్ణి. మా సీనియర్‌ని అందరం అక్క అనేవాళ్ళం. ప్రత్తిపాడులో మిరప రైతుల ఇంటి పిల్ల, రోజూ బస్సులో వచ్చేది. ఏళ్ళ తరబడి కష్టపడి ఆమె ఒక సెన్సార్ తయారుచేసింది. అందులో ఉండేది గ్రాఫీన్, ఒకే ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర. దానిమీద మంటను పసిగట్టే నాడీకణాలను పెంచేవాళ్ళం. కణంలోకి అయాన్లు వెళితే తెర మీద గీత లేస్తుంది. మిరప ఘాటు కలిపిన చుక్కకు లేవాలి, ఉత్త ఉప్పునీళ్ళకు కదలకూడదు. (ఘాటు తగిలితే ఆ కణాల తలుపులు తెరుచుకుంటాయి. మన నోరు మండేదీ అందుకే.)

బయటి నుంచి ఎగ్జామినర్‌గారు వచ్చిన రోజున ఇదే చూపించాలి. చూపించలేకపోతే అక్క పీహెచ్‌డీ అక్కడితో సరి. అక్క గ్లవ్స్ వేసుకుంది, ఆయనకూ ఒక జత తీసిచ్చింది, ఉప్పునీళ్ళ చుక్క వేసింది. గీత నిట్టనిలువుగా లేచింది. "ఏంటమ్మా ఇది?" అన్నారు మా గైడుగారు. అక్క మళ్ళీ వేసింది. మళ్ళీ లేచింది. "నీ సెన్సార్ ఉప్పుకే ఉలిక్కిపడుతోందమ్మా" అంటూ ఎగ్జామినర్‌గారు కళ్ళజోడు ఎత్తి కన్ను నలుపుకున్నారు. మరుక్షణం "అబ్బా! కన్ను! కన్ను పోయిందయ్యా!" అని కేక పెట్టారు.

అందరికంటే ముందు అక్కకే అర్థమైంది. "సార్... పొద్దున ఇంట్లో మిరపకాయలకు తొడిమలు తీసొచ్చానండి. సబ్బేసి కడిగానండి." మా వైపు కోతల కాలంలో ఆ పని ఏ ఇంట్లోనూ తప్పదు. ఆ మంట సబ్బుకు పోదు. రెండు జతల గ్లవ్స్‌నూ ఆమె తీసింది ఆ వేళ్ళతోనే.

"ఇవాళే దొరికిందా తల్లీ తొడిమలు తియ్యడానికి? పక్కకు జరుగు, నేను వేస్తా" అన్నారు గైడుగారు.

"మీరు మధ్యాహ్నం కొరివికారం కలుపుకుని తిన్నారు కదండీ" అన్నాను.

"నువ్వు తినలేదేంట్రా?"

(తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను.)

చివరికి ఆ గదిలో కారం అంటని చేతులు ఎగ్జామినర్‌గారివే అని తేలింది. అల్సర్ వల్ల ఆయన పెరుగన్నం చెంచాతో తిన్నారు. ఆయనే గ్లవ్స్ ఊడదీసి, కొత్త పెట్టె తెరిచి, ఒంటికన్నుతో ఉప్పునీళ్ళు వేశారు. గీత కదల్లేదు. తర్వాత అక్క వేలు ముంచిన ఉప్పునీళ్ళు వేశారు. లేచింది. కడిగిన వేలిమీద మిగిలిన పిసరును కూడా సెన్సార్ పట్టేసింది. "ఇంకేం చూపిస్తారు, నా కన్నే సాక్షి. ఇక వెళ్ళి చేతులు కడుక్కోండి, డాక్టర్‌గారూ" అన్నారాయన అక్కతో.

అక్క వరండాలోకి వచ్చి ఏడ్చింది. ఏడ్చి, ఆ వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది. "ఒరేయ్, చచ్చాన్రా! ఏదో ఒకటి తేరా!" నేను గాభరాగా క్యాంటీన్‌కు పరుగెత్తి మజ్జిగ తెచ్చాను. "కళ్ళల్లో మజ్జిగ పోస్తావంట్రా, వెధవా!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఈ ఏడాది అక్క పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమె పరిశోధన గురించి మాట్లాడుకున్నారు. నాకు ఆ వరండాయే గుర్తొచ్చింది. ఆ కన్నీళ్ళలో సంతోషం ఎంత, కారం ఎంత అని అప్పుడే అడగాల్సింది. అడగడం తెలియని వయసు. ఆ రోజు చేతిలో గ్లాసుతో ఏం చేయాలో తోచక, ఆ మజ్జిగ నేనే తాగేశాను.