ఆ దారిన వచ్చేవాళ్ల కోసం

మా ఆవిడ పోయింది. హైస్కూల్లో సోషల్ చెప్పేది.

ఇవి మిరపకాయలు ఆరబోసే రోజులు. మా వైపు తారురోడ్డు సగం ఎర్రగా ఉంటుంది. కాయల మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పొద్దుగూకాక స్కూటీ మీద ఇంటికొస్తూ అలాంటి రాయినే గుద్దుకుంది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని ఫోన్‌లో చెప్పారు. సరేనన్నాను. మూడో విజిల్ ఇంకా రాలేదేమిటా అనుకుంటూ కుక్కర్ వైపు చూశాను.

మీరు ఆమెను చూసి ఉండరు. గుంటూరులో మిట్టమధ్యాహ్నం రోడ్డు ఖాళీగా ఉన్నా సిగ్నల్ దగ్గర ఆగేది. వెనక ఆటోవాడు అరిచాడొకసారి:

“ఏంటమ్మా, ఫొటో దిగుతున్నావా?”

“అవును నాయనా, నువ్వూ పక్కకి రా. ఇద్దరం పడతాం.”

ఇంట్లో మాత్రం తన చట్టం తనకు వర్తించేది కాదు. నా కాఫీలో చక్కెర మానేయించి, తను రెండు చెంచాలు వేసుకునేది.

శిక్ష ఎందుకు వేస్తారని ఒకసారి క్లాసులో అడిగిందట. “కడుపుమంట చల్లారడానికి టీచర్” అందట ఒకమ్మాయి. ఆ సాయంత్రం ఆ మాట చెప్పి నవ్వి, తర్వాత అంది: “జరిగినదాన్ని ఏ శిక్షా వెనక్కి తేలేదు. రేపు ఆ దారిన వచ్చేవాళ్ల కోసం వేస్తారు. అందుకే, దెబ్బ తిన్నవాడి చేతికి కర్ర ఇవ్వకూడదు.”

ఆ రాళ్లు పెట్టింది మా ఊరి కౌలురైతే. పెద్దకర్మ రోజు మా బావమరిది లేచాడు.

“వాడి కాళ్లు విరగ్గొడతా బావా.”

“కూర్చో” అన్నాను.

భోజనాలయ్యాక నా చిన్ననాటి స్నేహితుడు పక్కకు పిలిచాడు. “ఒరేయ్, బండి జారి పడిందని పోలీస్ స్టేషన్‌లో రాయించరా. కేసైతే వాడు చితికిపోతాడు. రోడ్డు మీద రాళ్లు పెట్టనోడెవడ్రా మన ఊళ్లో?”

“అందుకేరా” అన్నాను.

నాకు కోపం లేదు. అసలేమీ లేదు. స్టేషన్‌కు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చాను.

మర్నాడు పొద్దున ఆ రైతు గేటు దగ్గర నిలబడ్డాడు.

“నా పేరు చెప్పావంట గదా అన్నా.”

“చెప్పాను.”

“రమ్మని కబురొచ్చింది. స్టేషన్ మెట్లు ఎప్పుడూ ఎక్కలా నేను. ఒక్కణ్ణీ పోలేను. తీసుకెళ్తావా?”

బండి తీశాను. వెనక కూర్చున్నాడు. రోడ్డు పొడుగునా కాయలు ఆరుతూనే ఉన్నాయి. రాళ్లు కనిపించినప్పుడల్లా నా భుజం మీద అతని చెయ్యి బిగుసుకుంటోంది.