కడిగిన స్టాంపులు

తాడేపల్లిగూడెంలో మేం కొత్తగా కాపురం పెట్టిన ఆ రోజుల్లో, మొగుడనే మనిషిని నమ్మడానికి ఎంతకాలం పడుతుందో నాకెవరూ చెప్పలేదు. మావారిది మెత్తని మాట, బుద్ధిమంతుడి నడవడి (నా మొదటి అనుమానం అదే). ప్రతి ఆదివారం పనుందంటూ ఏలూరు వెళ్లి, ఏదో పొట్లంతో తిరిగొచ్చి, వెనక గదిలో తలుపేసుకునేవారు. అడిగితే ఆఫీసు పనేననేవారు. ఆఫీసు పనికి నేను ఉప్మా పెట్టే పళ్లెం, గోరువెచ్చని నీళ్లు ఎందుకో నాకు అంతుబట్టేది కాదు.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లగానే ఆ గదిలోకి తొంగిచూశాను. పళ్లెం నీళ్లలో సంతకాలు పడ్డ రెవెన్యూ స్టాంపులు తేలుతున్నాయి. పక్కన తువ్వాలు మీద మరికొన్ని ఆరుతున్నాయి. మా నాన్నగారు ఏలూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వాడేసిన స్టాంపులు కడిగి మళ్లీ అమ్మే మోసగాళ్ల కథలు వింటూ పెరిగినదాన్ని (మిగతా పిల్లలకి రాక్షసుల కథలు చెప్పేవారట). మావారికి కూర వడ్డిస్తున్నప్పుడల్లా ఆ చేతులకి బేడీలే కనిపించేవి. చివరికి ఉండబట్టలేక నాన్నగారికి ఫోన్ చేసి ఏడ్చేశాను.

నాన్నగారు మధ్యాహ్నం బస్సుకే దిగిపోయారు. కాఫీ ముట్టకుండా ముందు ఆ గది చూపించమన్నారు. మావారి ముఖం పాలిపోయింది. నాన్నగారు ఒక ఎర్రరంగు స్టాంపుని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు.

“ఇవి ఏ ఆఫీసులో చెల్లుతాయండీ, అల్లుడుగారూ?”

“ఎక్కడా చెల్లవండీ, మావయ్యగారూ. ఆ రాజ్యమే లేదు కదండీ.”

స్టాంపు మీద తలపాగా చుట్టుకున్న రాజుగారున్నారు. గుజరాత్ వైపు ఓ బుల్లి సంస్థానమట. మన ఉంగుటూరు చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపితే అంతకన్నా పెద్దవేనట. అయినా ఆ రాజుగారు తన కోర్టుకీ, తన రసీదులకీ తన బొమ్మతోనే స్టాంపులు అచ్చేయించుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానం దేశంలో కలిసిపోయింది, ముఖం మాత్రం పాత కాగితాలకి అంటుకుని మిగిలింది. ఏలూరులో పాత నాణేలు, స్టాంపులు అమ్మే ఒకాయన దగ్గర అవి కొని, కాగితం ఊడిరావడానికి మావారు నానబెడుతున్నారు. మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే తల దించుకున్నారు.

“ఇంత వయసొచ్చి స్టాంపులేంటని నవ్వుతావేమోనని.”

నాన్నగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ ఎర్రరంగు స్టాంపు ఇంకోటి ఉందా అని అడిగారు. కాఫీ కూడా అక్కడికే తెమ్మన్నారు.

కొన్నాళ్లకి అమ్మ గొంతు బాగా తగ్గించి ఫోన్ చేసింది. “అమ్మాయ్, మీ నాన్నగారు గదిలో తలుపేసుకుని పళ్లెంలో ఏదో కడుగుతున్నారే. ఎవరితోనూ అనకు.”

ఇప్పుడు మావారు ఎక్కడికెళ్లినా, ఏ పొట్లం తెచ్చినా నేను టీవీ ముందు నుంచి లేవను. ఒక్క మనిషి గురించి గుండెలు దడదడలాడేలా అనుమానపడిన ఆ కొత్త పెళ్లికూతురు ఎక్కడికి పోయిందో, అప్పుడప్పుడూ వెతుక్కోవాలనిపిస్తుంది.