జీపు కింద బాణం గుర్తులు

ఆదోనిలో ఒక పత్తి సావుకారు దగ్గర నేను జీపు తోలేవాణ్ణి. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన బండి అది. వానాకాలం కోసిగి వైపు పల్లెలకు పోతే నల్లరేగడిలో దిగబడేది. ఎద్దుల్ని కట్టి లాగించాల్సి వచ్చేది. యాభైల్లో ఒక ఏడాది సావుకారు విసిగిపోయి, బండిని ఎత్తు చేయమని ఊళ్లో పేరున్న మేస్త్రీకి అప్పగించాడు. అతను బండి బరువు మోసే కమాన్లకు అదనంగా పట్టీలు వేసి బెత్తెడు ఎత్తు లేపాడు. ఆ పనిలో, వెనక చక్రాలను తిప్పే పొడవాటి ఇనుప షాఫ్టును రెండు ముక్కలుగా ఊడదీసి మళ్లీ బిగించాడు.

మర్నాడే మోత మొదలైంది. మెల్లగా పోతే ఏమీ లేదు. వేగం అందుకోగానే అడుగున గుర్రుమనేది, సీటు వణికేది. క్లచ్చి తొక్కి చూశాను, ఆగలేదు. గేరు తీసేసి వాలులో వదిలి చూశాను, అప్పుడూ ఆగలేదు. అంటే గేర్లది కాదు, ఇంజనుదీ కాదు. చక్రాలతో పాటు తిరిగే షాఫ్టుదే. జాయింట్లకు గ్రీజు పెట్టాను, బోల్టులన్నీ బిగించాను. ఫలితం లేదు.

జిన్నింగు మిల్లు ముందర సావుకారుకు ఆ మాటే చెప్పాను. మేస్త్రీ పక్కనే ఉన్నాడు.

"షాఫ్టూ లేదు, పాడూ లేదు సావుకారూ. ఈయప్పకు గేర్లు మార్చేది రాదు. పండ్లు అరగదీసినాడు" అన్నాడు.

సావుకారు నన్ను సీట్లోంచి దిగమన్నాడు. "పో, పోయి ఎద్దులబండి తోలుకో" అన్నాడు. పత్తి బోరేలు మోస్తున్న హమాలీలు ఆగి నవ్వారు. నాలుగేళ్లు నన్ను నమ్మి వాగులూ వంకలూ దాటిన మనిషి, నీ మాటేమిటని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రమే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

అక్కడ బస్సులు బాగుచేసే షెడ్డులో పని దొరికింది. షెడ్డు పెద్దాయన పటాలంలో జీపులు విప్పి బిగించి వచ్చినవాడు. నా సంగతంతా విని, మూలనున్న పాత షాఫ్టు తెచ్చి చూపించాడు. రెండు ముక్కల మీదా చెరొక బాణం గుర్తు ఉంది.

"ఈ రెండూ ఎదురెదురుగా రావాల అప్పా. ముక్కలు కలిసే కాడ ఒక్క పన్ను తప్పిందంటే మోతే. పైగా బండిని ఎత్తినారంటివి. అట్లే తోలితే జాయింటు ఇరుగుతాది."

"ఎన్నాళ్లకు?"

ఆయన నా మొహంలోకి చూసి, "నువ్వు పోయి సెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. సంతరోజున ఆ జీపు ఎమ్మిగనూరు వచ్చేది. మోత దూరం నుంచే వినబడేది, వారం వారం ముదిరేది. ఒకసారి టక్కు టక్కుమనే చప్పుడు కూడా కలిసింది. ఆ పూట అన్నం మామూలు కంటే రుచిగా తిన్నాను.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, సి.బెళగల్ దారిలో జీపు ఆగిపోయిందని ఒక రైతు షెడ్డుకు కబురు తెచ్చాడు. పెద్దాయన నన్నే పంపాడు. కొత్త జాయింటు సంచిలో వేసుకుని సైకిలు మీద పోయాను. షాఫ్టు ఒక కొస ఊడి బురదలో గుచ్చుకుని ఉంది. సావుకారూ, ఆ పూట బండి తోలుకొచ్చిన మేస్త్రీ పిక్కల దాకా బురదలో నిలబడ్డారు. వెనక సీట్లో సావుకారు ముసలి తండ్రి, పెదాలు ఎండిపోయి, కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూడా ఆ బండి ఎక్కుతాడని ఇన్ని వారాలూ నాకు తట్టలేదు. ముందు ఆయనకు నీళ్లిచ్చాను. తర్వాత మేస్త్రీ వైపు తిరిగాను.

"కిందికి దూరు అన్నా. నేను సెప్తా, నువ్వు సెయ్యి."

"నేనా?"

"బిగించింది నువ్వే కదా."

సావుకారు అతన్ని గద్దించాడు. మేస్త్రీ తెల్ల చొక్కాతోనే బురదలో వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. పక్క చేలలోని కూలీలు గట్టు మీదికొచ్చి నిలబడ్డారు.

"మట్టి తుడువు. బాణాలు కనపడతాండాయా?"

"కనపడతాండాయి."

"యాడాడ ఉండాయి?"

"ఒకటి పైన, ఒకటి పక్కన."

"గట్టిగా సెప్పు. సావుకారుకు ఇనపడాల."

మళ్లీ చెప్పించాను. గట్టు మీద ఎవరో నవ్వారు. మూడోసారీ చెప్పించాను. ఆ తర్వాతే బాణాలు కలిపించి, జాయింటు వేయించాను.

బండి మోత లేకుండా కదిలింది. సావుకారు నన్ను పక్కకు పిలిచాడు.

"నీకు ఈ సంగతి ముందే తెలుసునా?"

"తెలుసు."

"మరి సెప్పల్యా?"

"మీరు అడగల్యా."

మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. రానన్నాను. మేస్త్రీ దగ్గరికి బండ్లు రావడం తగ్గిపోయి, ఏడాది తిరక్కుండానే అతను గుంతకల్లు వెళ్లిపోయాడని విన్నాను. జాలి కలగలేదు.

ఆ రోజు షెడ్డుకు తిరిగి వచ్చాక పెద్దాయన, "బండి వేగంలో ఉండంగా ఇరిగుంటే ఆ ముసలాయన గతేమి?" అని అడిగాడు. తలవంచుకుని చేతులు కడుక్కున్నాను. కానీ బండి కింద నుంచి వచ్చిన మేస్త్రీ గొంతు గుర్తొస్తే మాత్రం, ఈ వయసులోనూ సంతోషంగానే ఉంటుంది.