రంగులు జరగడానికి జాగా

సార్ పోయారని మొన్న ఉదయం, నాతో కలిసి నేర్చుకున్న అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, దవాఖానలో కళ్లారా చూసిందెవరు అని ఆరా తీశాను. ఆ గుణం ఆయన దగ్గర అబ్బిందే.

హన్మకొండలో, ఒక మందుల షాపు పైనున్న రెండు గదుల్లో ఆయన వెబ్ డిజైన్ నేర్పేవారు. ఏదైనా బాగా పనిచేస్తోందంటే చాలు, ఆయనకు అనుమానం. "ఎందుకు పనిచేస్తాందో చెప్పు, అప్పుడు నమ్ముత" అనేవారు. మేం కాపీ కొడతామని ఇంకో అనుమానం. చప్పుడు లేకుండా వచ్చి మా వెనక నిలబడేవారు. ఎవరికీ నచ్చేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగాలివ్వడానికి మా పని చూస్తాం, వస్తామన్నారు. నా పేజీలో నారింజ నుంచి నీలానికి మారే రంగులు మెల్లగా సాగుతూ ఉండాలి. ముందురోజు సాగాయి. ఆ ఉదయం కదల్లేదు. నేను వచ్చేసరికి సార్ నా కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ కనిపించారు. అందరి ముందే అడిగేశాను.

"సార్, నా ఫైల్ల మీరేమన్న మార్చిండ్రా?"

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. "నేను మౌస్ ముట్ట. నువ్వే సూడు. బ్యాక్‌గ్రౌండ్ సైజు ఎంతుంది?"

వంద శాతం, అంటే రంగుల పరుపు సరిగ్గా పేజీలోని డబ్బా అంతే. అది రెండు వందలు ఉండేది. అంత పెద్దదైతే పేజీ పక్కకు పోతుందేమోనని జంకి, ముందురోజు సాయంత్రం వెళ్లిపోతూ నేనే తగ్గించాను.

"డబ్బా ఎంతనో రంగు గూడ అంతే పెట్టినవ్. రంగు పొజిషన్ సున్న నుంచి వందకు మార్చినా, మిగిలిన జాగలనే గద జరగాలె? మిగిలిందే లేకపాయె. ఇంకేడికి జరుగుతది బిడ్డా?"

రెండు వందలు చేశాను. రంగులు సాగాయి. నేను తల ఎత్తలేకపోయాను. క్షమించమనబోతే ఆయనే గొంతు తగ్గించి అన్నారు: "నీ ఫైలు తెరిసింది నిజమే. కాపీ కొట్టినవనుకున్న. నువ్వే రాసినవ్. తప్పు నాదే."

మధ్యాహ్నం వచ్చిన కంపెనీ ఆయన నన్ను అడిగింది ఒకటే, సైజు రెండు వందలెందుకని. పొద్దున్నే తగిలిన దెబ్బ కదా, తడుముకోకుండా చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఇన్నేళ్లుగా మా ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. ఆ రోజు తర్వాత, నా కోర్సు అయ్యేదాకా, సార్ నా వెనక ఎప్పుడూ నిలబడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు.

నిన్న వెళితే మేడం, సార్ భార్య, మేం నేర్చుకున్న ఆ గది తలుపు తీశారు. సార్ కీబోర్డు మీద అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి. పనిచేస్తోందో లేదో పేజీని మళ్లీ తెరిచి చూసే మీట ఒక్కటే అరిగిపోయి, నున్నగా, బోసిగా ఉంది.